చైనాలో ఇంగ్లీషు చెప్పే బ్రిటన్ టీచరుకు అలీపే, వీచాట్ పే: వాడకం మీద సమీక్ష

చైనాలో కూరగాయల బండి దగ్గర సంచీ చేతికందిస్తూ అమ్మే మనిషి అడిగే మాట ఒక్కటే: "వేయ్‌షిన్? జీఫూబావో?" మొదటిది వీచాట్‌కు అక్కడి పేరు, రెండోది అలీపేకి. బడిలో ఇంగ్లీషు చెప్పడానికి బ్రిటన్ నుంచి వచ్చిన టీచరుకు మధ్యాహ్నం భోజనం, మెట్రో, ఇంటద్దె, కరెంటు బిల్లు, వీధి చివర తీసుకున్న అద్దె సైకిలు అన్నీ ఈ రెండు యాప్‌ల గుండానే నడుస్తాయి. నాలుగు రోజులు తిరిగి చూసి వెళ్ళే పర్యాటకుడికి ఇవి ఎలా ఉన్నాయన్నది ఒక ప్రశ్న. ఏడాది ఒప్పందం మీద వచ్చి, నెల జీతం తీసుకుని, అందులో కొంత ఇంటికి పంపాల్సిన మనిషికి ఎలా ఉన్నాయన్నది వేరే ప్రశ్న. ఈ సమీక్ష రెండోవారి కోసం.

తీర్పు ముందే చెప్పేయడం మంచిది. దిగిన రోజుకు అలీపే, కాపురం సాగడానికి వీచాట్, రెంటికీ అడుగున చైనా బ్యాంకు కార్డు. బ్రిటన్ కార్డుతోనే ఏడాదంతా నెట్టుకొద్దామనుకుంటే డబ్బూ పోతుంది, పనులూ ఆగుతాయి. రెండు యాప్‌లూ బాగా పనిచేస్తాయి. చిక్కు వచ్చినప్పుడు చూస్తే నూటికి తొంభై పాళ్ళు తప్పు యాప్‌లో ఉండదు. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఫోన్ నంబరు ఈ మూడూ అన్ని చోట్లా ఒకేలా లేకపోవడంలో ఉంటుంది.

అలీపే 2004లో ఆన్‌లైన్ కొనుగోళ్ళ కోసం పుట్టింది. వీచాట్ 2011లో కబుర్ల యాప్‌గా వచ్చి 2013లో డబ్బు మోయడం మొదలుపెట్టింది. ఈ పుట్టుకలోని తేడా ఇప్పటికీ వాడకంలో కనిపిస్తుంది. అలీపేకి ఎవరి పరిచయమూ అక్కర్లేదు, పాస్‌పోర్టు, కార్డు ఉంటే చాలు. వీచాట్‌లో కొత్త ఖాతా తెరవాలంటే, అప్పటికే ఖాతా ఉన్న ఒకరు మీ తెర మీది కోడ్‌ను స్కాన్ చేసి మీకు పూచీ పడాల్సి రావచ్చు. తోడు ఎవరూ లేకుండా విమానాశ్రయంలో నిలబడి ఈ పని చేయలేరు. ఉద్యోగం ఇచ్చిన బడిలో మీతో మాట్లాడుతున్న మనిషినే బయలుదేరే ముందు అడిగి చేయించుకోండి.

అలీపేని కూడా బ్రిటన్‌లో ఉండగానే సిద్ధం చేసుకోవాలి. +44 నంబరుతో ఖాతా తెరవవచ్చు. పాస్‌పోర్టు ఫొటో పేజీ తీసి పంపి గుర్తింపు ధ్రువీకరణ పూర్తి చేయండి. ఫొటోలో దీపం వెలుగు మెరవకూడదు, పేజీ అడుగున బాణం గుర్తులతో నిండిన ఆ రెండు వరుసలూ పూర్తిగా కనిపించాలి. ఎక్కువ తిరస్కరణలు ఇక్కడే. గుర్తింపు పూర్తి కాని ఖాతాకు ఏడాదికి 2,000 డాలర్ల వరకే అనుమతి. పూర్తయితే 2024లో పెంచిన పరిమితులు వర్తిస్తాయి: ఒక్క చెల్లింపుకు 5,000 డాలర్లు, ఏడాదికి 50,000. టీచరు ఖర్చులకు ఇవి ఎప్పటికీ అడ్డు రావు.

అడ్డొచ్చేది రుసుము. వీసా, మాస్టర్‌కార్డ్ వంటి విదేశీ కార్డుతో 200 యువాన్ల వరకు చెల్లింపుకు రుసుము లేదు. అది దాటితే మొత్తం మీద 3 శాతం పడుతుంది, 200 పైన ఉన్న భాగం మీద మాత్రమే కాదు. 260 యువాన్ల సామాను కొంటే 7.80 యువాన్లు అదనం. అదే బిల్లును 130, 130గా రెండుసార్లు కడితే సున్నా. గోడకు అంటించిన కోడ్‌ను మీరే స్కాన్ చేసి మొత్తం టైపు చేసే దుకాణాల్లో ఇలా విడగొట్టడం సులువు, దుకాణదారులు కూడా ఏమీ అనుకోరు. సూపర్‌మార్కెట్ కౌంటర్‌లో యంత్రమే మొత్తాన్ని లాగుతుంది కనుక బుట్టను రెండు బిల్లులుగా వేయమని ముందే చెప్పాలి. దీనికి తోడు కొన్ని బ్రిటన్ కార్డులు విదేశీ వాడకానికి తమ వంతుగా మరో 3 శాతం దాకా తీసుకుంటాయి. ఆ రుసుము లేని కార్డు ఒకటి బయలుదేరక ముందే తెచ్చుకుంటే మొదటి నెలలోనే ఆ తేడా కనిపిస్తుంది.

కౌంటర్‌లో వినే రెండు మాటలు నేర్చుకోండి. "వో సావో నీ" అంటే నేనే మీ ఫోన్‌ను స్కాన్ చేస్తాను అని. అప్పుడు మీ చెల్లింపు కోడ్ తెరిచి చూపాలి. "నీ సావో వో" అంటే మీరు నా కోడ్‌ను స్కాన్ చేయండి అని. అప్పుడు మొత్తం టైపు చేసి, ఆరు అంకెల పాస్‌వర్డ్ కొట్టి, చెల్లింపు పూర్తయిందన్న గుర్తు వచ్చిన తెరను అమ్మినవారికి చూపాలి. మీ చెల్లింపు కోడ్ నిమిషానికోసారి మారుతుంది, చిన్న మొత్తాలకు పాస్‌వర్డ్ కూడా అడగదు. అందుకే దాని స్క్రీన్‌షాట్ ఎవరికీ పంపకూడదు. ఎవరైనా చాట్‌లో అడిగారంటే అది మోసమే.

విదేశీ కార్డు ఎక్కడ మొరాయిస్తుంది? బండి మీద వేలాడే కోడ్ దుకాణం పేరున కాకుండా అమ్మే మనిషి సొంత ఖాతా పేరున ఉంటే తిరస్కరణ ఎక్కువ. తోటివారికి డబ్బు పంపడానికి, హోంగ్‌బావో (ఎర్ర కవరులో పెట్టినట్టు యాప్‌లో పంపే కానుక డబ్బు) ఇవ్వడానికి కూడా విదేశీ కార్డును నమ్ముకోకూడదు, అది దుకాణాల్లో కట్టడానికే. మూడో కారణం బ్రిటన్ వైపు ఉంటుంది: చైనా నుంచి వచ్చిన మొదటి చెల్లింపును మీ బ్యాంకు అనుమానించి ఆపుతుంది. అలీపే తెర మీద చెల్లింపు విఫలమైందన్న ముక్క మాత్రమే కనిపిస్తుంది. అసలు ప్రశ్న మీ బ్రిటన్ బ్యాంకు యాప్‌లో ఎదురుచూస్తూ ఉంటుంది, లేదా బ్రిటన్ నంబరుకు ఎస్ఎంఎస్‌గా వస్తుంది. కాబట్టి రెండు సిమ్‌లు పట్టే ఫోన్ తెచ్చుకోండి. బ్రిటన్ సిమ్‌లో రోమింగ్ తెరిచి ఉంచి, డేటా మాత్రం ఆపేయండి. కొన్ని కంపెనీలు ఆరు నెలలు వాడకపోతే నంబరు తీసేస్తాయి, నెలకో ఎస్ఎంఎస్ పంపుతూ ఉంటే నిలుస్తుంది. విదేశాల యాప్‌ల కోసం వీపీఎన్ (ఇంటర్నెట్‌ను వేరే దేశం గుండా మళ్ళించే సాధనం) నడుస్తుంటే చెల్లించే ముందు దాన్ని ఆపండి, లేకపోతే యాప్ నెమ్మదించి భద్రతా తనిఖీలు అడగడం మొదలుపెడుతుంది.

నోట్లు పూర్తిగా మానేయవద్దు. నోట్లు తీసుకోము అనడం అక్కడి నిబంధనలకు విరుద్ధమని కేంద్ర బ్యాంకు స్పష్టంగా చెప్పింది. అయినా 100 నోటుకు చిల్లర ఉండే బండ్లు తక్కువ. 5, 10, 20 నోట్లలో ఒక 200 యువాన్లు ఫోన్ కవరు వెనక పెట్టుకుంటే, ఛార్జింగ్ అయిపోయిన రాత్రి టాక్సీకి సరిపోతుంది.

ఇక అసలు విషయం, బ్యాంకు కార్డు. బడి ఏ బ్యాంకులో జీతం వేస్తుందో ముందు అడగండి, ఆ బ్యాంకులోనే తెరవడం మేలు. క్రమం ముఖ్యం. ఉద్యోగ వీసాతో దిగాక సొంత ఇంట్లో ఉంటే 24 గంటల్లో దగ్గరి పోలీసు ఠాణా, అంటే పాయ్‌ఛూసువోలో నివాసం నమోదు చేయించాలి. హోటల్లో ఉంటే వాళ్ళే చేస్తారు. తర్వాత సిమ్. తర్వాత 30 రోజుల లోపు నివాస పర్మిట్‌కు దరఖాస్తు, అప్పుడు పాస్‌పోర్టు అధికారుల దగ్గర రెండు మూడు వారాలు ఉండిపోవచ్చు. చేతిలో రసీదు మాత్రమే ఉంటుంది, దానితో ఖాతా తెరవడం కష్టం. వీసా, ఉద్యోగ ఒప్పందం చూసి తెరిచే శాఖ దొరికితే పాస్‌పోర్టు అప్పగించే ముందే తెరిచేయండి. నివాస పర్మిట్ ఉంటేనే అనే శాఖలూ ఉన్నాయి, ఒకే బ్యాంకులో శాఖకో మాట కూడా వినిపిస్తుంది. ఒకచోట కాదంటే వాదించకుండా పక్క శాఖకు వెళ్ళడమే దగ్గరి దారి.

కౌంటర్‌కు తీసుకెళ్ళాల్సినవి: పాస్‌పోర్టు, మీ పేరున ఉన్న చైనా సిమ్ వేసిన ఫోన్, ఒప్పందం, బడి ముద్ర వేసిన లేఖ, నివాస నమోదు కాగితం. చాలామంది మరిచేది మరొకటుంది. మీరు ఏ దేశపు పన్ను నివాసి అని ఒక ఫారం ఇస్తారు. బ్రిటన్ అని రాస్తే అక్కడి పన్ను గుర్తింపు సంఖ్య అడుగుతారు. అందుకు పనికొచ్చే నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు ఫోన్లో రాసిపెట్టుకుని వెళితే మళ్ళీ తిరిగే పని తప్పుతుంది.

ఖాతా ఏ తరగతిదో తప్పక అడగాలి. "యీ లే హు", అంటే మొదటి తరగతి ఖాతా కావాలని చెప్పండి. రెండో తరగతి ఖాతాలో బయటి ఖాతాలకు పంపడానికి రోజుకు 10,000 యువాన్లు, ఏడాదికి 2,00,000 దాకానే అనుమతి. కొత్తగా వచ్చిన టీచరుకు ఈ పరిమితి మొదటి వారంలోనే తగులుతుంది, ఎలాగంటే ఇంటద్దె పద్ధతి "యా యీ ఫూ సాన్": ఒక నెల డిపాజిట్, మూడు నెలల అద్దె ముందస్తు. నెలకు 3,500 యువాన్ల ఇల్లయితే ఒక్కసారిగా 14,000 కట్టాలి. రెండో తరగతి కార్డుతో ఒకే రోజులో పంపలేరు. విదేశీ కార్డుతో ఏదోలా కట్టినా రుసుమే 420 యువాన్లు. మొదటి తరగతి ఖాతాకు కూడా ఆన్‌లైన్ మోసాల భయంతో కొత్తలో రోజువారీ ఆన్‌లైన్ పరిమితి చాలా తక్కువగా పెట్టేస్తారు. అద్దె ఒప్పందం చూపించి కౌంటర్‌లోనే పెంచమని అడగండి. అప్పుడే అడిగితే పది నిమిషాల పని, తర్వాతంటే మళ్ళీ టోకెన్, మళ్ళీ వరుస.

కార్డు చేతికొచ్చాక అలీపేకి, వీచాట్‌కు కలపాలి. 62తో మొదలయ్యే కార్డు నంబరు, పేరు, పత్రం రకం దగ్గర పాస్‌పోర్టు, దాని నంబరు, బ్యాంకులో నమోదైన ఫోన్ నంబరు ఇస్తే ఆరంకెల ఓటీపీ వస్తుంది. చెప్పడానికి ఇంతే. బ్రిటన్ వాళ్ళు ఇక్కడే రోజుల తరబడి ఇరుక్కుంటారు.

కారణం మధ్య పేరు. బ్రిటన్ పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒక వరుసలో, మిగతా పేర్లన్నీ మరో వరుసలో ఉంటాయి. చైనా వ్యవస్థలు మూడు అక్షరాల చైనా పేర్ల కోసం కట్టినవి. బ్యాంకు ఉద్యోగి ఇంటిపేరు ముందు కొట్టవచ్చు, చివర కొట్టవచ్చు, మధ్య పేరు వదిలేయవచ్చు, ఖాళీలు లేకుండా అన్నీ కలిపేయవచ్చు. మీరు అలీపేలో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాస్తే, బ్యాంకు దగ్గరున్న పేరుతో ఒక్క ఖాళీ తేడా వచ్చినా కార్డు కలవదు. సమాచారం సరిపోలలేదు అని మాత్రమే చెబుతుంది, ఏ గడిలో తప్పో చెప్పదు. వరుసగా తప్పులు కొడితే ఆ రోజుకు ప్రయత్నాలు ఆపేస్తుంది.

దీనికి మందు ఖాతా తెరిచే రోజునే ఉంది. ఉద్యోగి తెరను మీ వైపు తిప్పమని అడిగి, పేరు కనిపించే చోటు ఫొటో తీసుకోవడమో, పేరుతో ప్రింటు అడగడమో చేయండి. పెద్ద అక్షరాలు, ఇంటిపేరు ముందు, తర్వాత మిగతా పేర్లన్నీ, మధ్యలో ఒక్కొక్క ఖాళీ అనే క్రమం పాస్‌పోర్టు అడుగు వరుసల క్రమంతో సరిపోతుంది, ఎక్కువ చోట్ల నడిచేదీ అదే. సిమ్, బ్యాంకు, పన్ను నమోదు, బడి జీతాల జాబితా నాలుగింటిలోనూ ఇదే రూపం ఉండేలా పట్టుబట్టండి. ఓటీపీ రాకపోతే బ్యాంకులో రాయించిన నంబరు ఏదో చూడండి. దాన్ని "యూల్యూ షౌజీహావ్" అంటారు. మొదటి రోజు తాత్కాలికంగా బడివారి నంబరు రాయించి మరిచిపోయిన సందర్భాలు తక్కువేమీ కావు.

కార్డు కలిసిన క్షణం నుంచి ఈ యాప్‌లు వేరే సరుకు. 3 శాతం పోతుంది, బండి మీది వ్యక్తిగత కోడ్‌లు పనిచేస్తాయి, ఇంటి యజమానికి అద్దె నేరుగా పంపవచ్చు. అలీపేలో చిరునామా ఇచ్చి కరెంటు, నీళ్ళు, గ్యాస్ బిల్లుల ఖాతా సంఖ్యలు ఒకసారి చేర్చుకుంటే నెలనెలా అక్కడే కట్టేయవచ్చు. ఆ సంఖ్యలు పాత బిల్లుల మీద ఉంటాయి కనుక ఇల్లు తీసుకునే రోజే యజమాని దగ్గర ఫొటో తీసుకోండి. ముందే డబ్బు వేసుకునే మీటర్లున్న ఇళ్ళలో శీతాకాలం ఏసీ వేడి మీద బతుకుతుంటే, యాంగ్‌జీ నదికి దక్షిణాన సాధారణంగా గదులకు కేంద్రీయ తాపనం (ఒకే చోటి నుంచి ఇళ్ళన్నిటికీ వేడి పంపే ఏర్పాటు) ఉండదు కనుక, మీటర్లో డబ్బు అనుకున్నదానికన్నా ముందే అయిపోతుంది.

వీచాట్ సంగతి వేరు. డబ్బు వాలెట్‌గా చూస్తే అలీపే కన్నా ఒక మెట్టు కిందే. ఇంగ్లీషు తెరలు తక్కువ, లోపలి చిన్న యాప్‌లలో చాలావరకు చైనా భాషే. అయినా అది లేకుండా టీచరు ఉద్యోగం చేయలేరు. టైంటేబుల్ మార్పు, పరీక్ష ప్రశ్నపత్రం గడువు, శని ఆదివారాల్లో పనిచేయాలన్న కబురు, పిల్లల తల్లిదండ్రుల ప్రశ్నలు అన్నీ అందులోని గ్రూపుల్లోనే వస్తాయి. పండుగ సెలవులకు బదులుగా వారాంతంలో పనిచేసే "త్యావ్‌ష్యూ" రోజుల గురించి ఈమెయిలు ఎవరూ పంపరు. సందేశం మీద వేలు నొక్కిపెడితే అనువాదం, వాయిస్ సందేశమైతే అక్షరాలుగా మార్చే ఎంపిక వస్తాయి. వాయిస్‌ను ముందు అక్షరాలు చేసి, వాటిని అనువదించండి. తొందరలో మాట్లాడే యజమానుల మాటలు ఈ దారిలోనే అర్థమవుతాయి.

వీచాట్‌లో పెద్ద లోపం సందేశాల నిల్వ. చాట్‌లన్నీ ఫోన్లోనే ఉంటాయి. ఫోన్ పోయినా, కొత్తది కొని పాతదాని నుంచి బదిలీ చేయకుండా లాగిన్ అయినా, పాత మాటలన్నీ పోతాయి. సమయానికి తెరవకుండా వదిలేసిన ఫైళ్ళు కూడా తర్వాత తెరుచుకోవు. జీతం చీటీ, ఒప్పందం మార్పు, డిపాజిట్ తిరిగి ఇస్తామన్న యజమాని మాట ఇవన్నీ చాట్‌లోనే ఉండే దేశంలో ఇది చిన్న విషయం కాదు. ఫైలు వచ్చిన రోజే దించుకోండి, డబ్బు మాటలున్న చాట్‌లకు స్క్రీన్‌షాట్లు తీసి వేరేచోట దాచండి, ఫోన్ మార్చేటప్పుడు పాత ఫోన్ చేతిలో ఉండగానే సెట్టింగ్స్ నుంచి చాట్‌లను బదిలీ చేయండి.

వీచాట్‌లో పంపిన డబ్బును అందుకునేవారు 24 గంటల్లో తీసుకోకపోతే తిరిగి వచ్చేస్తుంది. అద్దె పంపాక యజమాని "తీసుకున్నారు" అన్న గుర్తు కనిపించేదాకా కట్టినట్టు కాదు. ఒక్కో హోంగ్‌బావోలో పెట్టగల గరిష్ఠం 200 యువాన్లు. వాలెట్‌లో చేరిన డబ్బును బ్యాంకుకు మార్చుకోవడం వీచాట్‌లో మొత్తం మీద 1,000 యువాన్ల వరకే ఉచితం, అలీపేలో 20,000 వరకు. ఆ తర్వాత రెంటిలోనూ 0.1 శాతం. భోజనాల బిల్లు పంచుకున్నప్పుడు చేరే చిన్న మొత్తాలను బ్యాంకుకు మార్చకుండా అక్కడే ఖర్చు చేసేయడం సుఖం.

ప్రయాణాల విషయంలో అలీపేదే పైచేయి. దాని లోపలే దీదీ టాక్సీ ఇంగ్లీషులో పనిచేస్తుంది, డ్రైవరుతో చాట్‌ను కూడా అనువదిస్తుంది. మెట్రోకు ట్రాన్స్‌పోర్ట్ విభాగంలో ఊరు ఎంచుకుని ఆ ఊరి కోడ్ తీసుకోవాలి. ఊరు మారితే కోడ్ మార్చుకోవడం మరిచిపోయి గేటు దగ్గర నిలబడిపోతారు. రైలుకు మాత్రం మధ్యవర్తి యాప్‌లకన్నా రైల్వేల సొంత 12306 యాప్ మేలు, ఇంగ్లీషు రూపం ఉంది, అదనపు రుసుము లేదు. పాస్‌పోర్టు ధ్రువీకరణకు సమయం పడుతుంది కనుక ప్రయాణం అనుకున్నాక కాదు, వచ్చిన మొదటి నెలలోనే పూర్తి చేయండి. టికెట్లు 15 రోజుల ముందు తెరుస్తారు. బడి సెలవులు దేశమంతా కదిలే వసంత పండుగ, అక్టోబరు 1 సెలవులతో కలుస్తాయి, ఆ టికెట్లు తెరిచిన నిమిషాల్లో అయిపోతాయి. రద్దుకు 8 రోజుల ముందైతే ఏమీ పోదు, 48 గంటల దాకా 5 శాతం, 24 గంటల దాకా 10, ఆ తర్వాత 20 శాతం. స్టేషనులో కాగితం టికెట్ అక్కర్లేదు, పాస్‌పోర్టే టికెట్. కార్డు గేట్లు పాస్‌పోర్టును చదవకపోతే పక్కన మనిషి ఉండే దారిలో వెళ్ళాలి.

రెండు యాప్‌లకూ గట్టిగా మార్కులు తగ్గించాల్సిన చోటు పాస్‌పోర్టు మార్పు. బ్రిటన్ పాస్‌పోర్టు పదేళ్ళకు మారినప్పుడు నంబరు కూడా మారుతుంది. చైనాలో మీ పేరున ఉన్న ప్రతి ఖాతా ఆ పాత నంబరుకే ముడిపడి ఉంటుంది. కొత్త నంబరు అలీపేలో ముందుగా మార్చేస్తే బ్యాంకు కార్డు విడిపోవచ్చు, బ్యాంకులో ముందు మారిస్తే సిమ్ నమోదు వేరొక నంబరుతో ఉండి ఓటీపీ దశలో ఆగవచ్చు. పై నుంచి కిందికి రావడమే దారి. కొత్త పాస్‌పోర్టు అందాక 10 రోజుల్లో నివాస పర్మిట్ మార్పుకు దరఖాస్తు, దానితో పాటు పోలీసు నమోదు, తర్వాత బడి ద్వారా ఉద్యోగ పర్మిట్, ఆ తర్వాత సిమ్ కంపెనీ దుకాణం, బ్యాంకు, చివరికి అలీపే, వీచాట్, పన్ను యాప్, 12306. రెండు పాస్‌పోర్టులూ ప్రతి కౌంటర్‌కు తీసుకెళ్ళండి. పాతది రద్దయిందని పారేస్తే రెండు నంబర్లూ ఒకే మనిషివని చూపే ఆధారం పోతుంది. కొత్త పాస్‌పోర్టు దరఖాస్తుకు పాతదాన్ని పంపే ముందే దాని అన్ని పేజీలూ రంగుల్లో కాపీ తీయండి. ఈ వారాల్లో వాలెట్‌లో ఒక వెయ్యి యువాన్లు నిల్వ ఉంచుకుంటే కార్డు విడిపోయినా తిండికి, మెట్రోకు ఇబ్బంది ఉండదు.

చిక్కు వస్తే ఫోన్ సహాయం ఉంది. అలీపేకి 95188, వీచాట్ పేకి 95017. వీసా, నివాస నమోదు సందేహాలకు 12367 రోజంతా పనిచేస్తుంది, ఇంగ్లీషులోనూ మాట్లాడతారు. వీటిలో ఎక్కువ మేలు చేసేది 12367. పోలీసు ఠాణాలో ఒక మాట, బడిలో ఒక మాట విని తికమక పడ్డప్పుడు అక్కడ అడగండి.

జీతాన్ని బ్రిటన్‌కు పంపడంలో మాత్రం ఈ రెండు వాలెట్ల మీద ఆధారపడవద్దు. అది బ్యాంకు కౌంటర్ పని. పత్రాలేమీ లేకుండా విదేశీయులు రోజుకు 500 డాలర్ల విలువ వరకే మార్చుకోవచ్చు. పన్ను కట్టిన జీతమని చూపిస్తే ఆ జీతం మేరకు మార్చవచ్చు. కావాల్సినవి పాస్‌పోర్టు, నివాస పర్మిట్, ఉద్యోగ ఒప్పందం, జీతం చీటీలు, పన్ను చెల్లించిన రికార్డు. చివరిదాన్ని "నాష్వే జీలూ" అంటారు, ప్రభుత్వ ఆదాయపు పన్ను యాప్ నుంచి పీడీఎఫ్‌గా వస్తుంది. ఆ యాప్‌లో కూడా పేరు, పాస్‌పోర్టు నంబరు బడి జీతాల విభాగం నమోదు చేసినట్టే ఉండాలి, లేకపోతే రికార్డు ఖాళీగా కనిపిస్తుంది. నెలనెలా వెళ్ళడం కన్నా రెండు మూడు నెలల జీతం ఒకేసారి పంపితే బ్యాంకు రుసుములు, మధ్యలోని బ్యాంకుల కోతలు ఒక్కసారే పడతాయి. ముందు యువాన్లను పౌండ్లుగా మార్చి, తర్వాత పంపుతారు. బ్రిటన్ ఖాతా ఐబ్యాన్ (అంతర్జాతీయ ఖాతా సంఖ్య), బ్యాంకును గుర్తించే స్విఫ్ట్ సంకేతం ముద్రించి తీసుకెళితే టైపు తప్పులు తగ్గుతాయి. విద్యార్థి రుణం ఉన్నవారు మూడు నెలలు మించి విదేశాల్లో ఉంటే రుణ సంస్థకు చెప్పాలి, వాయిదాలు ఈ పంపిన డబ్బులోంచే కట్టాల్సి వస్తుంది కనుక మొదటి పంపకాన్ని ఆలస్యం చేయవద్దు.

ఒప్పందం ముగిసి వెళ్ళిపోయేటప్పుడు కూడా క్రమం ఉంది. బడి నుంచి "లీజీ జెంగ్‌మింగ్", అంటే ఉద్యోగం వదిలిన ధ్రువపత్రం ముందు తీసుకోండి, తర్వాతి ఉద్యోగానికి అది అడుగుతారు. తాళాలు అప్పగించినట్టు చాట్‌లో రాసి, ఇంటి డిపాజిట్ వీచాట్‌లో తిరిగి వచ్చేదాకా ఆ చాట్‌ను దాచి ఉంచండి. రెండు వాలెట్లలో డబ్బును బ్యాంకుకు మార్చండి. చివరి నెల జీతం మీరు వెళ్ళాక పడేటట్టయితే ఖాతా మూయవద్దు, సిమ్ అసలే రద్దు చేయవద్దు. నెలకు 8 యువాన్ల కనిష్ట ప్లాన్‌లోకి మార్చి నంబరు నిలిపి ఉంచండి. వదిలేసిన నంబరు కొంతకాలానికి మరొకరికి ఇస్తారు. అప్పటికీ అది మీ బ్యాంకు ఖాతాకు ముడిపడి ఉంటే, మీ ఓటీపీలు ఆ మనిషి ఫోన్‌కే వెళతాయి.